రాయి వెళ్లింది, రాయి వచ్చింది

మా స్టేషన్ పేరు ఉప్పరవలస రోడ్. పేరు చివర రోడ్ అని ఉందంటే ఊరు అక్కడ లేదని, ఆ రోడ్డు పట్టుకుని పోతే ఎప్పటికో వస్తుందని అర్థం. నా పేరు ముందు డాక్టర్ అని ఉండటం కూడా ఇంచుమించు అలాంటిదే. అది చూసి నడుం నొప్పులవాళ్లు, కీళ్ల వాతంవాళ్లు మా వీధి గుమ్మం దాకా వచ్చేవారు. నేను అర్థశాస్త్రంలో డాక్టర్నని చెబితే, "పోనీ బాబూ, ఆ శాస్త్రంలో నడుం నొప్పికి ఏటీ రాయలేదేటి?" అని అడిగేవారు. రాయలేదు. నడుం నొప్పి తెప్పించడం మాత్రం ఆ శాస్త్రానికి చేతనవునని తరవాత రుజువైంది.

నన్ను డాక్టర్ని చేసిన సిద్ధాంత వ్యాసం పేరు 'ఉత్తర సర్కారు జిల్లాల్లో రైలు సరుకు రవాణా పరిమాణం: ఆర్థిక కార్యకలాపాలకు చారిత్రక సూచిక'. పేరు చదవడానికే ఒక గుక్క చాలదు. లోపలి విషయం మాత్రం చిన్నదే. పూర్వం ఎవరెంత పండించారో, ఎంత అమ్ముకున్నారో సరైన లెక్కలు లేవు. రైలువాళ్లు మాత్రం బస్తా బస్తాకీ లెక్క రాసుకున్నారు. పంటలు పండిన ఏడు వ్యాగన్లు నిండా వెళ్లాయి. కరువొచ్చిన ఏడు ఖాళీగా నిలబడ్డాయి. కాబట్టి వ్యాగన్ల లెక్క చూస్తే ఆనాటి జనం బతుకు ఎలా ఉండేదో చెప్పవచ్చు. ఈ ముక్క చెప్పడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది. ఇందులో తప్పేమీ లేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

తప్పల్లా ఒక్కటే. దాన్ని ఒకాయన చదివాడు.

అంతవరకూ ఆ వ్యాసం ఎవరికీ హాని చేయలేదు. మా గైడు గారు చదవకుండానే సంతకం పెట్టారు. ఒక ప్రతి యూనివర్సిటీ లైబ్రరీలో చెదలకు దక్కింది. రెండో ప్రతిని మా ఆవిడ వరహాలు ఆవకాయ జాడీ మూత మీద బరువుకు పెట్టుకుంది. అది బరువైన రచన అని ఒప్పుకున్నది ఆ జాడీ ఒక్కటే.

మా జిల్లా అప్పట్లో అభివృద్ధి పట్టికలో అట్టడుగున ఉండేది. దాన్ని పైకి లేపడానికి జిల్లా అభ్యుదయ ప్రత్యేకాధికారి అని ఒక కొత్త పదవి సృష్టించి, కొమాండూరి యతిరాజ్ గారిని అందులో కూర్చోబెట్టారు. ఆయన కారు మా కాలేజీ ముందు ఆగితే, ప్రిన్సిపాల్ గారు ఎందుకైనా మంచిదని హాజరు పట్టీ బీరువాలో పెట్టి తాళం వేశారు. తీరా చూస్తే ఆయన వచ్చింది నాకోసం.

"త్రినాథరావు గారూ, మీ సిద్ధాంత వ్యాసాన్ని ఆమూలాగ్రం పరిశీలించడమైనది" అన్నారు. ఆయన ఇంట్లో పిల్లలతో కూడా అలాగే మాట్లాడతారని డ్రైవరు తరవాత చెప్పాడు.

"ఆమూలాగ్రమా అండీ?"

"ముందుమాట, ముగింపు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా గైడు గారు ఆ రెండూ కూడా చూడలేదు.

"జిల్లా స్థితిగతులపై సమగ్ర సర్వే చేపట్టాలంటే మూడేళ్ల కాలవ్యవధి అవసరమగును. అప్పటికి మా బదిలీ అయిపోవును. మీ సిద్ధాంతం ప్రకారం వ్యాగన్లు పెరిగితే జిల్లా బాగుపడినట్టు. అవునా, కాదా?"

"జిల్లా బాగుపడితే వ్యాగన్లు పెరుగుతాయండీ."

"మేమన్నదీ అదే కదా."

అది కాదు. కోడి కూతకీ తెల్లవారడానికీ సంబంధం ఉందని నేను నిరూపించాను. నాలుగు కోళ్లు ఎక్కువ పెంచితే రోజుకు రెండుసార్లు తెల్లవారుతుందని ఆయన గ్రహించారు. ఆ తేడా చెబుదామని నోరు తెరిచాను. ఆయన సరిగ్గా అప్పుడే, "మిమ్మల్ని సూచికా సలహాదారుగా నియమించదలిచాము. వాహన సౌకర్యం కలదు" అన్నారు. తెరిచిన నోటితో కాఫీ తాగేశాను.

ఆ సాయంత్రం వరహాలు ఆవకాయ జాడీ మీంచి నా వ్యాసాన్ని తీసి, అట్టకు అంటిన నూనె తుడిచి, షోకేసులో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టింది. జాడీ మీద ఇటుక పెట్టింది. రెండూ ఒకే బరువు ఉన్నాయట.

మొదటి సమావేశంలోనే చిక్కొచ్చిపడింది. వ్యాగన్లు పెంచాలి సరే, వాటిలో ఏం ఎక్కించాలి? మా జిల్లాలో చెరకు తప్ప చెప్పుకోదగ్గ పంట లేదు. ఎండాకాలం చివర్లో బెల్లం ఒడిశాకు వెళుతుంది. మిగతా కాలమంతా ఉప్పరవలస గూడ్స్ షెడ్డులో మేకలు పడుకుంటాయి.

"సరుకు లేకపోవడం అనునది సహేతుకమైన కారణం కాజాలదు" అన్నారు యతిరాజ్ గారు. కిటికీలోంచి చూశారు. స్టేషన్ వెనక నల్లకొండ ఉంది. సృష్టి మొదలైనప్పటినుంచీ అది ఎవరినీ ఏమీ అడగకుండా అక్కడే ఉంది.

"ఆ కొండ సుమారు ఎంత బరువుండును?"

కొండ బరువు ఎవరు చూశారు గనక? అయినా సలహాదారుకి తెలియదనకూడదు కాబట్టి, "చాలా ఉండునండీ" అన్నాను. నాకూ ఆ భాష పట్టుబడుతోంది.

అలా రాయి బయల్దేరింది. కొండ దగ్గర కొట్టారు, లారీల మీద షెడ్డుకు చేర్చారు, ముఠా కూలీలు వ్యాగన్లలోకి ఎక్కించారు. బండి ఒక పూట ప్రయాణం చేసి, మా జిల్లా అంచున ఉన్న బూర్జపేట స్టేషన్లో రాయిని దించి వచ్చింది. ఆ నెల జిల్లా పట్టికలో నాలుగు మెట్లు పైకి ఎక్కాం. పేపర్లో యతిరాజ్ గారి ఫోటో పడింది. పక్కన నా భుజం కూడా పడింది. ఆ భుజం నాదేనని మా కాలేజీలో చాలామందికి చూపించాను.

రెండో నెల ఇంకో చిక్కు. బూర్జపేటలో ఆ రాయి ఎవరికీ అక్కర్లేదు. అక్కడివాళ్లకూ ఒక కొండ ఉంది. యతిరాజ్ గారు ఆలోచించమన్నారు. ఆలోచించాను. నాకు అంత గొప్ప ఆలోచన అంతకుముందెప్పుడూ రాలేదు, ఇకముందు రాకుండు గాక. "అదే రాయిని అక్కడ ఎక్కించి ఇక్కడికి తెద్దామండీ. వెళ్లినప్పుడు ఒక లెక్క, వచ్చినప్పుడు ఒక లెక్క" అన్నాను.

ఆయన లేచి నిలబడి నాకు కరచాలనం చేశారు.

ముఠా మేస్త్రి అప్పలసూరి మాత్రం, రాయి తిరిగొచ్చిన మర్నాడు నన్ను గూడ్స్ షెడ్డు దగ్గర పట్టుకున్నాడు. వాడిది నల్లకొండలో ఒక ముక్కలాంటి ఒళ్లు. "డాట్రు బాబూ, ఈ రాయి మొన్న ఎల్లిన రాయే కదేటి?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"ఎక్కించినప్పుడు నా కాలి మీద పడింది. మరిచిపోతానేటి?"

అది గుండ్రంగా, నున్నగా, నడుమ కొంచెం బొజ్జతో ఉన్న రాయి. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవదు. నెల తిరిగేసరికి ముఠావాళ్లు ఆ రాయికి పేరు కూడా పెట్టేశారు. ఏం పేరని అడిగితే అందరూ నేలచూపులు చూశారు. చివరికి అప్పలసూరే చెప్పాడు: "మరేటీ అనుకోకండి బాబూ. డాట్రు బాబు అంతన్నాం. బండెక్కి ఎల్తాది, బండెక్కి వస్తాది, ఏ పనీ సెయ్యదు."

అనుకోవడానికి ఏముంది. వాడు చెప్పింది పొల్లుపోకుండా నా ఉద్యోగం.

అక్కడినుంచి సంస్కరణలు జోరందుకున్నాయి. బూర్జపేట స్టేషన్ మాస్టరు, తన ప్లాట్‌ఫారం రాళ్లకింద పడి కనబడటం లేదని మొర పెట్టుకున్నాడు. బూర్జపేటలో ఇక దించనే వద్దని తీర్మానించాం. బండి అక్కడిదాకా వెళ్లాలి, కొత్త కాగితం పుచ్చుకోవాలి, దించకుండా వెనక్కి రావాలి. ఇక్కడ మాత్రం దించి మళ్లీ ఎక్కించాలి. ఎందుకంటే ముఠావాళ్లకు పని దొరికినట్టు చూపించడానికి ఇంకో పట్టిక ఉంది.

ఒకసారి రాళ్ల బండి ఒకటి పొరపాటున జిల్లా సరిహద్దు దాటి పోయింది. పక్క జిల్లావాళ్లు దాన్ని దించుకుని తమ లెక్కలో వేసుకున్నారు. ఆ నెల వాళ్లు మాకంటే ఒక మెట్టు పైన నిలబడ్డారు. యతిరాజ్ గారు రెండు పూటలు అన్నం మానేశారు. ఆయన బాధ చూడలేక నేనే ఒక ఉత్తర్వు రాసిపెట్టాను. 'జిల్లాకు చెందిన శిల ఎట్టి పరిస్థితులలోనూ జిల్లా సరిహద్దు దాటరాదు. దాటనిచ్చిన సిబ్బందిపై కఠిన చర్యలు గైకొనబడును.' చదివి ఆయన కంటతడి పెట్టారు. "శైలి బాగున్నది" అన్నారు. ఆ శైలి ఎవరి కొంప ముంచబోతోందో నాకు ఆ రోజు తెలియలేదు.

ఇలా ఉండగా ఎండాకాలం చివరికొచ్చింది. తాడివలస నుంచి మా బావమరిది గౌరునాయుడు వచ్చాడు.

గౌరునాయుడు వరహాలుకు అన్న. చెరకు పండించి, సొంత పొయ్యి మీద బెల్లం వండుతాడు. తాడివలస రైతులంతా తమ బెల్లం దిమ్మలు అతని కొట్లోనే పోగు చేస్తారు. ఏటా రథయాత్ర ముందు వాటిని వ్యాగన్లలో ఒడిశా పంపే పూచీ అతనిది. తొలకరి పడేలోగా వెళ్లిపోవాలి. వాన గాలి సోకిందంటే బెల్లం చెమరుస్తుంది, తరవాత పాకమై కారుతుంది. ఆపైన అది పశువుల దాణాకు తప్ప పనికిరాదు. ఊరందరి ఏడాది కష్టం ఆ కొట్లో ఉంది.

"బావా, ఈ ఏడు వ్యాగన్లు ఇవ్వడం లేదంతన్నారు" అన్నాడు చాప మీద కూర్చుంటూ. "అన్నీ రాయికే రాసీసినారట. పోనీ లారీలో పంపుదుమంటే, లారీలన్నీ కొండ కాడ ఉన్నాయి. మబ్బు సూస్తే బయమేస్తంది. నువ్వే ఓ మాట సెప్పాల."

"అదెంత పని" అన్నాను. కారున్నవాడు అనవలసిన మాటే అన్నాను.

మర్నాడు గౌరునాయుణ్ని వెంటబెట్టుకుని యతిరాజ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "ఈ బెల్లం ఒడిశా చేరిన పిమ్మట ఏమగును?" అని అడిగారు.

"తింటారు బాబూ" అన్నాడు గౌరునాయుడు.

"తిరిగి వచ్చే అవకాశం?"

గౌరునాయుడు నా మొహం చూశాడు. నేను బల్ల మీద కాగితాలకు బరువుగా పెట్టిన గాజు గోళీ చూశాను.

"తిన్నది ఎలాగొస్తాది బాబూ?"

"అదే సమస్య. మా సలహాదారు గారి సూత్రం ప్రకారం బెల్లం ఏకముఖ సరుకు. ఒక్కమారు పోవును, ఒక్కమారు లెక్కకు వచ్చును. శిల ద్విముఖ సరుకు. ఒక వ్యాగన్‌ను బెల్లానికి కేటాయించిన ఎడల, ఆ వ్యాగన్ ఒడిశా పోయి వచ్చేలోగా శిల ఎన్ని పర్యాయములు తిరుగునో మీ బావగారినే అడగండి. తినివేయబడే సరుకును ప్రోత్సహించి జిల్లా అభ్యుదయాన్ని పణంగా పెట్టజాలము."

ఆ సూత్రం నాదే. ఏకముఖ, ద్విముఖ అన్న మాటలూ నావే. వాటిని పుట్టించినందుకు నాకు శాలువా కప్పారు కూడా. ఏం మాట్లాడను? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరింది. వరహాలు అన్నం వడ్డించింది గానీ, పప్పు గిన్నె మాత్రం కావాలని నాకు అందనంత దూరంలో పెట్టింది. "మా అన్న ఈ గుమ్మంలోకి వచ్చి ఎన్నడైనా ఏదైనా అడిగాడేటండీ? ఇన్నేళ్లకి ఒక్కటడిగితే మోచేతికి బెల్లం రాసి నాకమన్నారు" అంది. ఆ బెల్లం కూడా వాళ్లన్నదే.

నాకు పౌరుషం వచ్చింది. చదువుకున్నవాడికి పౌరుషం వస్తే తెలివి ఉపయోగిస్తాడు, అదే ప్రమాదం. చేయి కడుక్కుని గౌరునాయుణ్ని పెరట్లోకి పిలిచాను.

"వ్యాగన్లు రాయికే ఇస్తారు. కాబట్టి మన బెల్లం రాయి అయిపోవాలి" అన్నాను.

"అదెలాగ బావా?"

"కాగితం మీద. నల్లబెల్లం దిమ్మలు, నల్లరాళ్లు, దూరం నుంచి చూస్తే తేడా ఎవడికి తెలుస్తుంది? రాయి అని ఎక్కిద్దాం. బూర్జపేట స్టేషన్ మాస్టరు నాకు తెలుసు. అక్కణ్నుంచి ఒడిశా గూడ్సుకు తగిలించమని ఒక ముక్క చెబుతాను."

గౌరునాయుడు చాలాసేపు తలగుడ్డ విప్పి చుట్టుకున్నాడు. అబద్ధం ఆడటం అతనికి అలవాటు లేదు. చివరికి, "నువ్వు సదువుకున్నోడివి. నీకు తెలీదేటి" అన్నాడు. నన్ను ఇంతవరకూ ఎవరూ అంత గట్టిగా తిట్టలేదు.

అప్పలసూరికి చెబితే వాడు నవ్వి, "తీపి రాయి మొయ్యడం ఇదే మొదులు బాబూ" అని ఒప్పుకున్నాడు. దిమ్మలు ఎక్కించడం అయ్యాక గౌరునాయుడు బరకాలు పట్టుకొచ్చాడు, పైన కప్పడానికి. రాళ్ల వ్యాగన్లకు పైకప్పు ఉండదు కదా.

"వద్దు వద్దు" అన్నాను. "రాయికి ఎవడైనా బరకం కప్పుతాడా? చూసినవాడికి అనుమానం రాదూ?"

"వాన పడితే బావా?"

"రేపటికి ఒడిశాలో ఉంటుంది."

అతను బరకాలు మడత పెట్టి భుజాన వేసుకున్నాడు.

మధ్యాహ్నం బండి బూర్జపేట చేరింది. నేను ఫోను చేశాను. స్టేషన్ మాస్టరు మర్యాదగానే మాట్లాడాడు. "అయ్యో, మీరు చెప్పాక కాదంటానా సార్. కాని రాయి జిల్లా దాటకూడదని మీరే కదా ఉత్తర్వు పంపారు. కఠిన చర్యలు గైకొనబడును అని కూడా రాశారు. అద్దం కట్టించి గోడకి తగిలించాను. బండిని వెనక్కి పంపేశాను సార్, ఇందాకే."

అది రాయి కాదు, బెల్లం అని చెప్పవచ్చు. చెబితే బెల్లాన్ని రాయిగా రాసినవాడు ఎవడని అడుగుతారు. ఫోను పెట్టేశాను. పైన ఉరిమింది.

సరే, వెనక్కి వచ్చిన బెల్లాన్ని దించేసుకుందాం, మళ్లీ ఏదో ఉపాయం చూద్దాం అనుకుంటూ షెడ్డుకు పరిగెత్తాను. అక్కడ మామిడాకు తోరణాలు కడుతున్నారు. మైకు పరీక్ష చేస్తున్నారు. ఆ సాయంత్రం నుంచే జిల్లా అభ్యుదయ వారోత్సవాలని నేను మరిచేపోయాను. రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోంది. ఆ వారం రాళ్ల బళ్లు ఎక్కడా ఆగకుండా, ఇక్కడా దించకుండా, రేయింబవళ్లు తిరగాలి. రికార్డు నెలకొల్పాలి. అదీ నా సలహాయే. పని చేసేవాళ్లందరికీ ఆ వారం సెలవిచ్చి అభ్యుదయం చూడటానికి తీసుకురావాలని కూడా నేనే రాశాను.

వేదిక మీద నాకు పచ్చజెండా ఇచ్చారు. సూచికకు పితామహుణ్ని నేనే కనక బండి బండికీ జెండా ఊపే గౌరవం నాదేనని యతిరాజ్ గారు మైకులో ప్రకటించారు. మొదటి బండి రాయి. ఊపాను. రెండోది రాయి. ఊపాను. మూడోది మా బావమరిది బెల్లం. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.

జనంలో గౌరునాయుడు ఉన్నాడు. బరకాలు ఇంకా భుజానే ఉన్నాయి. అతను నా వైపు చూడలేదు, వ్యాగన్ల వైపు చూస్తున్నాడు. నాకు జెండా ఎత్తడానికి చెయ్యి రాలేదు. వెనక నుంచి యతిరాజ్ గారు, "కానివ్వండి, పితామహా" అన్నారు. ఊపాను.

ఆ బండి పోయింది, వచ్చింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. వారమంతా ముసురు వదలలేదు. వచ్చినప్పుడల్లా జెండా ఊపాను. ఒడిశాకు చేరవలసిన బెల్లం, ఒడిశా కంటే ఎక్కువ దూరమే ప్రయాణం చేసి ఉంటుంది. మూడో రోజుకు వ్యాగన్ల అడుగునుంచి నల్లటి ధార మొదలైంది. నాలుగో రోజుకు పట్టాల పొడుగునా చీమలు బారులు తీరాయి. స్టేషనంతా పెళ్లివారి వంటిల్లులా తియ్యగా వాసన కొట్టింది.

పరిశీలక బృందం పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "రాయి లోంచి ఏమిటది, కారుతోంది?" అన్నారు.

యతిరాజ్ గారు నావైపు చూశారు. చెప్పడానికి అదే ఆఖరి అదను. గొంతు దాకా వచ్చింది కూడా. పెద్దాయన చేతిలో నాకు కప్పబోయే శాలువా ఉంది.

"ఆర్థిక వ్యవస్థలో ద్రవ్యలభ్యత పెరిగినప్పుడు ఇటువంటి లక్షణాలు కనిపిస్తాయండీ" అన్నాను.

పెద్దాయన తల పంకించి రాసుకున్నారు. అర్థం కానిదాన్ని రాసుకోవడం పెద్ద హోదాకు గుర్తు.

వారం చివర వ్యాగన్లు ఆగాయి. అప్పలసూరి పైకెక్కి చూసి దిగిపోయాడు. అడుగున మడ్డి మిగిలింది, ఈగలు మిగిలాయి. లెక్కకు ఎక్కించిన బరువే తప్ప దించిన బరువు ఎవరూ చూడరు కాబట్టి ఏ కాగితంలోనూ ఏ లోటూ కనబడలేదు. జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. యతిరాజ్ గారు ప్రమోషన్ మీద రాజధానికి వెళ్లిపోయారు. ఆయన తరవాత వచ్చినాయన మొదటి స్థానం నుంచి కిందికి దిగిన అపఖ్యాతి తనకెందుకని రాళ్ల బళ్లను అలాగే తిరగనిచ్చాడు. నా కారు కూడా అలాగే ఉంది.

తాడివలసవాళ్లు మా ఇంటి మీదికి వస్తారనుకున్నాను. రాలేదు. గౌరునాయుడు ఊళ్లో ఏం చెప్పుకున్నాడో, తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడో నాకు తెలియదు. నా పేరు మాత్రం ఎక్కడా వినబడలేదు. అదే నన్ను తినేసింది. వచ్చి చెడామడా నాలుగు తిట్టిపోతే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ని.

దసరాకు అన్న వస్తాడని వరహాలు అరిసెలు చేసింది. బెల్లం బజారునుంచి తెచ్చుకోవలసి వచ్చింది, పెళ్లయ్యాక మొదటిసారి. అతను రాలేదు. ఆమె అరిసెల డబ్బా మూత పెట్టి, షోకేసులోంచి నా వ్యాసం తెచ్చి డబ్బా మీద పెట్టి, "మీరెళ్లి తీసుకురండి" అంది. బెల్లం కరిగిననాటి నుంచీ మానేసిన మాట మళ్లీ మొదలుపెట్టిందన్న సంతోషంతో అప్పుడే బయల్దేరాను. కారులో కాదు, బస్సులో.

తాడివలసలో బెల్లం పొయ్యి దగ్గర బూడిద కూడా లేదు. పక్కన చెరకు ఉండవలసిన చేలో గడ్డి పెరిగి ఉంది. మనిషి ఎక్కడని అడిగితే, గూడ్స్ షెడ్డుకు వెళ్లాడన్నారు. సరుకు పంపడానికా అని అడగబోయి ఊరుకున్నాను.

షెడ్డు దగ్గర ముఠా పనిలో ఉంది. తలగుడ్డ బిగించి, ఒంటినిండా రాతిపొడితో గౌరునాయుడు వాళ్లలో ఉన్నాడు. నన్ను చూసి మొహం ముడుచుకోలేదు. ఎప్పటిలాగే నవ్వాడు.

"ఏటి బావా, ఇలాగొచ్చినావు? సెల్లి బాగున్నాదా?"

"బాగుంది. పండక్కి రాలేదని..." అంటూ మాట మార్చాను. "చెరకు వెయ్యలేదేం?"

"మానీసినాను."

"ఎందుకు?"

అతను చెమట తుడుచుకుని, నాకు అర్థమయ్యేలా, నెమ్మదిగా చెప్పాడు. వెటకారం ఉందేమోనని ఎంత వెతికినా ఆ గొంతులో దొరకలేదు. "రాయి నయం బావా. వానకి కరగదు. ఎవులూ తినీరు. పొద్దున్న ఎల్లినా సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాది. మా ఊరోళ్లు కూడా శానామంది ఇందులోనే సేరిపోనారు. మాకు పని దొరికినట్టు నీ పుస్తకంలో రాసుకో."

రాసుకోనక్కర్లేదు. కిందటి నెల పట్టికలోనే వచ్చింది, ఉప్పరవలస ప్రాంతంలో కొత్తగా ఉపాధి పొందినవారని. ఆ వాక్యం నేనే దిద్దాను. ఎవరా అని మాత్రం చూడలేదు.

"డాట్రు బాబుతో మాటలు తరవాత, ముందు రాయెత్తు" అని అప్పలసూరి వ్యాగన్ లోంచి కేకేశాడు. గౌరునాయుడు వంగి ఒక రాయి అంచు పట్టుకున్నాడు. గుండ్రంగా, నున్నగా, నడుమ కొంచెం బొజ్జతో ఉంది. తిరిగి తిరిగి మునుపటికంటే నిగనిగలాడుతోంది. రెండో పక్క పట్టుకునే మనిషి ఇంకా రాలేదు.

"ఓ సెయ్యి ఎయ్యి బావా. దీన్ని ఒక్కణ్నే ఎత్తలేను."

చొక్కా చేతులు పైకి మడిచి రెండో పక్క పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఎత్తి వ్యాగన్లో వేశాం. నడుం కలుక్కుమంది. ఆ నెల జిల్లా సూచిక మళ్లీ పెరిగింది.